జాతీయ మానవ హక్కుల కమిషన్ ఫిర్యాదు సేవ: బలగాల చేతిలో దెబ్బతిన్న ఆదివాసీకి ఎంతవరకు పనికొస్తుంది?

కూంబింగ్‌కు వచ్చిన బలగాలు ఊరి మనిషిని పట్టుకుపోయినా, కాల్చి చంపి మావోయిస్టు అని ప్రకటించినా, ఆడవాళ్ల మీద అఘాయిత్యం చేసినా బాధితులు ముందుగా వెళ్లాల్సింది పోలీస్ స్టేషన్‌కే. ఏజెన్సీలో చాలాచోట్ల ఆ స్టేషనూ బలగాల క్యాంపూ పక్కపక్కనే ఉంటాయి. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో వాళ్లు కాపలా ఉన్న గేటు దాటుకుని లోపలికి వెళ్లాలి. జిల్లా దాటి, పైసా ఖర్చు లేకుండా తలుపు తట్టే చోటు ఒకటుంది. అది ఢిల్లీలోని జాతీయ మానవ హక్కుల కమిషన్. అందరికీ దాని పేరు తెలుసు, దాన్ని వాడుకునే పద్ధతి మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆ ఫిర్యాదు సేవ ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో, ఎందుకో ఇక్కడ రాస్తున్నాం.

ముందే తేల్చి చెప్పాల్సిన మాట: జరిగిన ఘోరాన్ని అధికారిక రికార్డులోకి ఎక్కించడానికి ఈ సేవ బాగా ఉపయోగపడుతుంది. పరిహారం విషయంలో అప్పుడప్పుడూ ఫలితం వస్తుంది. దోషికి శిక్ష పడేలా చేయడం దీని చేతిలో లేదు. ఎదుటిపక్షం కేంద్ర బలగాలైతే, కమిషన్ సొంతంగా విచారించే దారిని చట్టమే మూసేసింది. ఆ మూసిన తలుపు దగ్గర కూడా ఫైలు కదిలిందంటే బయటివాళ్లు ఎవరో పట్టుబట్టి వెంటపడ్డారన్నమాట. అలా వెంటపడేవాళ్లు లేని ఫైళ్లు మూతపడుతున్నాయి.

1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం కింద ఏర్పడిన ఈ కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కమిషన్ ఫిర్యాదుల వెబ్‌సైట్ హెచ్‌ఆర్‌సీ నెట్‌లో నింపవచ్చు, కామన్ సర్వీస్ సెంటర్‌లో నింపించుకోవచ్చు, తెల్ల కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపవచ్చు. చిరునామా: మానవ్ అధికార్ భవన్, బ్లాక్ సి, జీపీఓ కాంప్లెక్స్, ఐఎన్ఏ, న్యూఢిల్లీ 110023. వివరాలకు 14433 టోల్ ఫ్రీ నంబరు ఉంది. ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో రాసినా తీసుకుంటారు కాబట్టి తెలుగులో పంపవచ్చు. కోయ, గోండి, కువి భాషలు ఆ షెడ్యూలులో లేవు. అంటే బాధితురాలు తన నోటితో చెప్పింది మరొకరి తెలుగులోకో హిందీలోకో మారాకే కమిషన్ గడప తొక్కుతుంది. చాలా తప్పులు మొదలయ్యేది అక్కడే, దాని గురించి కింద వివరంగా ఉంది.

ఈ సేవలో అన్నిటికన్నా మంచి గుణం చట్టంలోని 12వ సెక్షన్‌లో ఉంది. ఫిర్యాదు బాధితులే చేయాలని లేదు, వాళ్ల తరఫున ఎవరైనా చేయవచ్చు. టీచరు, ఆశా కార్యకర్త, హైదరాబాద్‌లో కూర్చున్న పాఠకుడు, ఎవరైనా సరే. ఫారంలో ఫిర్యాదుదారు వివరాలకూ బాధితుల వివరాలకూ వేర్వేరు గడులు ఉన్నాయి. ఆకాశరామన్న ఉత్తరాలను కమిషన్ తీసుకోదు కాబట్టి ఎవరో ఒకరి పేరు ఉండి తీరాలి. ఊళ్లో ఉండేవాళ్లకు ప్రమాదం అనిపిస్తే, పట్నంలో ఉన్న మనిషి ఫిర్యాదుదారుగా నిలబడటం మేలు. ఇది సానుభూతి కోసం చెబుతున్న సలహా కాదు. కమిషన్ రాసే ప్రతి ఉత్తరం ఫిర్యాదుదారు చిరునామాకే వస్తుంది. సిగ్నల్ లేని, పోస్ట్‌మ్యాన్ వారాల తరబడి రాని పల్లె చిరునామా ఇస్తే కేసు ఆ ఉత్తరం దగ్గరే చచ్చిపోతుంది.

గడువు ఒక ఏడాది. 36వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం, ఘటన జరిగి ఏడాది దాటాక కమిషన్ విచారణ చేపట్టకూడదు. అడవి పల్లెకు ఏడాది అంటే పెద్ద గడువేమీ కాదు. ఊరు ఖాళీ చేసి వానాకాలం అంతా పక్క రాష్ట్రంలో తలదాచుకున్న కుటుంబం తిరిగొచ్చి, ఎవరితోనో మాట్లాడి, కాగితాలు జతచేసేసరికి గడువు దాటిపోతుంది. అందుకే సాక్ష్యాలన్నీ చేతికొచ్చేదాకా ఆగకుండా, ఉన్నంతలో ఒక పేజీ ఫిర్యాదు వెంటనే పంపి, అది అందినట్టు ఇచ్చే డైరీ నంబరు తీసుకోవాలి. అనుబంధ కాగితాలు తర్వాత అదే నంబరు మీద పంపుకోవచ్చు. కొన్నాళ్లకు డైరీ నంబరు కేసు నంబరుగా మారుతుంది. వరస సంఖ్య, రాష్ట్రం కోడ్, జిల్లా కోడ్, సంవత్సరం, ఇలా గీతలతో విడదీసి ఉంటుంది. ఆ నంబరుతో వెబ్‌సైట్‌లో కేసు స్థితి ఎవరైనా చూడవచ్చు. ఈ పారదర్శకత మెచ్చుకోదగ్గది. చాలా ప్రభుత్వ కార్యాలయాల్లో ఫిర్యాదు ఏమైందో తెలుసుకోవడమే ఒక పని.

ఇప్పుడు అసలు చిక్కు. చట్టంలోని 19వ సెక్షన్ సాయుధ బలగాలకు విడిగా ఒక పద్ధతి పెట్టింది. వాళ్ల మీద ఫిర్యాదు వస్తే కమిషన్ కేంద్ర ప్రభుత్వాన్ని నివేదిక అడగవచ్చు. నివేదిక వచ్చాక ఫిర్యాదును వదిలేయవచ్చు, లేదా ఆ ప్రభుత్వానికే సిఫార్సు చేయవచ్చు. అంతే. సొంత దర్యాప్తు బృందాన్ని పంపడం, సాక్షులను పిలిపించడం, జవాన్లను ప్రశ్నించడం ఆ దారిలో లేవు. పైగా ‘సాయుధ బలగాలు’ అనే మాట సైన్యం, నౌకాదళం, వైమానిక దళం దగ్గర ఆగదు. కేంద్రం కింద ఉన్న ఇతర సాయుధ దళాలన్నీ అందులోకి వస్తాయి. అంటే సీఆర్పీఎఫ్, దాని కోబ్రా బెటాలియన్లు, బీఎస్ఎఫ్, అస్సాం రైఫిల్స్ అన్నీ. దండకారణ్యంలో పల్లె చుట్టూ కనిపించే యూనిఫాంలలో చాలా భాగం ఇవే. పారామిలటరీని ఈ నిర్వచనం నుంచి తీసేయాలని మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎం. అహ్మదీ నేతృత్వంలోని సలహా కమిటీ పాతికేళ్ల కిందటే సూచించింది. ఆ తర్వాత చట్టాన్ని 2006లో, 2019లో సవరించారు గానీ ఈ నిర్వచనం జోలికి పోలేదు. మన పార్లమెంటు సభ్యులను ఈ విషయం అడిగిన ఓటరు ఎంతమంది ఉంటారు?

19వ సెక్షన్ ఫలితం ఓటింగ్ అనే ఊరి ఘటనలో చూడవచ్చు. నాగాలాండ్ మోన్ జిల్లా ఓటింగ్ దగ్గర 2021 డిసెంబర్ 4న సైన్యంలోని 21వ పారా స్పెషల్ ఫోర్సెస్ దళం జవాన్లు బొగ్గు గని నుంచి ఇంటికి వస్తున్న కూలీల బండి మీద కాల్పులు జరిపి ఆరుగురిని చంపారు. వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన ఊరివాళ్లతో గొడవ జరిగి మరో ఏడుగురు, మర్నాడు మోన్ పట్టణంలో ఇంకొకరు చనిపోయారు. చనిపోయినవాళ్లు కొన్యాక్ నాగా ఆదివాసులు. రెండు రోజుల్లోనే కమిషన్ తనంతట తాను కేసు తీసుకుని రక్షణ, హోం శాఖల కార్యదర్శులకు నోటీసులిచ్చింది. ఆ వేగం బాగుంది. కానీ ఆ నోటీసు అడగగలిగింది నివేదికే. రాష్ట్ర ప్రత్యేక దర్యాప్తు బృందం ఒక మేజర్ సహా 30 మంది సైనికుల మీద చార్జిషీటు వేసింది. ఈశాన్యంలో కొన్నిచోట్ల అమల్లో ఉన్న సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం ప్రకారం ప్రాసిక్యూషన్‌కు కేంద్రం అనుమతి కావాలి. 2023 ఫిబ్రవరిలో రక్షణ శాఖ అనుమతి నిరాకరించింది. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు ప్రక్రియను మూసేసింది. పొరపాటున చంపామని ప్రభుత్వం ఒప్పుకున్న ఘటనలోనే ఇదీ గతి. మావోయిస్టు అని ముద్రవేసి చంపిన మనిషి సంగతి ఇక చెప్పేదేముంది.

బస్తర్‌లోనూ, మన ఏజెన్సీలోనూ ఆ ప్రత్యేకాధికారాల చట్టం లేదు. ఈ తేడా చాలామందికి తెలియదు, తెలిసి తీరాలి. ఇక్కడ బలగాల మీద ఎఫ్ఐఆర్‌కు గానీ దర్యాప్తుకు గానీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. కోర్టు కేసును విచారణకు స్వీకరించే దశలోనే, అదీ విధి నిర్వహణలో జరిగిన పనికే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్ కింద అనుమతి ప్రశ్న వస్తుంది.

కాబట్టి ఫారంలో ఎదుటిపక్షం పేరు రాసే గడి ఈ సేవ మొత్తంలో అతి ముఖ్యమైన గడి. మధ్య భారతంలో ఆపరేషన్లు దాదాపు ఎప్పుడూ ఉమ్మడిగానే జరుగుతాయి. కేంద్ర బలగాలతో పాటు జిల్లా పోలీసులు, ఛత్తీస్‌గఢ్‌లో డీఆర్‌జీ (డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్), మన దగ్గర గ్రేహౌండ్స్ ఉంటాయి. రాష్ట్ర దళాలకు 19వ సెక్షన్ రక్షణ లేదు. వాళ్ల మీద కమిషన్ తన పూర్తి అధికారాలు వాడవచ్చు, 14వ సెక్షన్ కింద దర్యాప్తు, 18వ సెక్షన్ కింద పరిహారం, ప్రాసిక్యూషన్ సిఫార్సు కూడా. ‘సీఆర్పీఎఫ్ వాళ్లు కొట్టారు’ అని ఒక్క వాక్యం రాసి వర్గం గడిలో పారామిలటరీ ఎంచుకుంటే ఫైలు నేరుగా 19వ సెక్షన్ గూట్లోకి పోతుంది. ఉమ్మడి ఆపరేషన్ అయితే జిల్లా ఎస్పీని, ఆ స్టేషన్ అధికారిని (ఎస్‌హెచ్‌ఓ), రాష్ట్ర దళాన్ని ముందు రాసి, కేంద్ర బెటాలియన్‌ను తర్వాత రాయాలి. లేనివాళ్లను ఇరికించమని కాదు. పోలీసులు మర్నాడు ఇచ్చే పత్రికా ప్రకటనలోనే ఏయే దళాలు పాల్గొన్నాయో గొప్పగా చెప్పుకుంటారు. ఆ ప్రకటన కోసి జతచేస్తే చాలు.

ఎఫ్ఐఆర్ నమోదు చేయకపోవడం, వైద్య పరీక్ష చేయించకపోవడం, పోస్టుమార్టం నివేదిక ఇవ్వకపోవడం, ఇవన్నీ రాష్ట్ర యంత్రాంగం తప్పులు. చంపింది కేంద్ర జవానే అయినా వీటి మీద విడిగా పేరా రాస్తే, కమిషన్ కనీసం ఆ భాగాన్ని తన చేతుల్లో ఉంచుకోవచ్చు.

ఈ సేవ బాగా పనిచేసినప్పుడు ఎలా ఉంటుందో చూడాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ కేసు ఉంది. 2015 అక్టోబర్‌లో పెదగేలూరు, చినగేలూరు చుట్టుపక్కల పల్లెల్లో బలగాలు దిగి ఇళ్లు దోచాయని, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశాయని ఆరోపణలొచ్చాయి. ఒక జాతీయ ఆంగ్ల దినపత్రిక కథనం చూసి కమిషన్ తనంతట తానే కేసు తీసుకుంది. బృందాన్ని పంపింది. 2017 జనవరిలో, 16 మంది మహిళలు రాష్ట్ర పోలీసుల చేతిలో అత్యాచారానికీ, లైంగిక, శారీరక దాడులకూ గురయ్యారని ప్రాథమికంగా నిర్ధారించింది. రూ. 37 లక్షల మధ్యంతర పరిహారం ఎందుకు సిఫార్సు చేయకూడదో చెప్పాలని రాష్ట్రాన్ని అడిగింది. ఎనిమిది మందికి మూడేసి లక్షలు, ఆరుగురికి రెండేసి లక్షలు, ఇద్దరికి 50 వేల చొప్పున. బాధితుల్లో ఎక్కువమంది ఆదివాసులే అయినా ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం ఎందుకు పెట్టలేదని నిలదీసింది. మరో 20 మంది దాకా మహిళల వాంగ్మూలాలు అప్పటికింకా రావాల్సి ఉంది. ఘటనకూ ఈ ఆదేశానికీ మధ్య 14 నెలలకు పైగా గడిచాయి. అయినా ఒక జాతీయ సంస్థ ఆ మహిళల మాట నిజమని కాగితం మీద పెట్టడం చిన్న విషయం కాదు.

అది ఎందుకు కుదిరింది? రాష్ట్ర పోలీసుల పేరు ఉంది. మహిళలే గుంపుగా జిల్లా కేంద్రానికి వచ్చి మాట్లాడారు, వాళ్లకు తోడుగా నిలిచిన కార్యకర్తలు, వకీళ్లు ఉన్నారు. వార్త ఢిల్లీలో అచ్చయింది. ఈ మూడింటిలో ఏదీ కమిషన్ సమకూర్చింది కాదు.

అచ్చయిన చోటు గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. మన తెలుగు పత్రికల్లో ఏజెన్సీ వార్త జిల్లా ఎడిషన్‌లో పుట్టి జిల్లా ఎడిషన్‌లోనే పోతుంది. చింతూరులో ఏం జరిగిందో విజయవాడ పాఠకుడి చేతికొచ్చే పేపర్లో ఉండదు, ఢిల్లీ కమిషన్ టేబుల్ మీదికి అసలే వెళ్లదు. మెయిన్ ఎడిషన్‌లోకి వచ్చేది ‘ఎదురుకాల్పుల్లో ఇన్ని మృతదేహాలు’ అనే అంకె ఒక్కటే. ఆ అంకెను చదివి పేజీ తిప్పేయడం మనకు అలవాటైపోయింది. కమిషన్ తనంతట తాను కేసు తీసుకునే అధికారం వార్తల మీద నడుస్తుంది కాబట్టి, పట్నం పాఠకుల పట్టించుకోనితనం ఇక్కడ నేరుగా ఒక ఫైలు పుట్టకపోవడంగా మారుతుంది. జిల్లా ఎడిషన్ క్లిప్పింగ్‌ను తేదీ, పేజీ కనిపించేలా స్కాన్ చేసి, కింద హిందీలోనో ఇంగ్లిష్‌లోనో నాలుగు వాక్యాల సారాంశం రాసి పంపండి. పది నిమిషాల పని.

ఇక ఫిర్యాదులు ఎలా మూతపడతాయో తెలిస్తే సగం జాగ్రత్త తీసుకున్నట్టే. కొన్ని మొదటి చూపులోనే కొట్టేస్తారు. అస్పష్టంగా ఉన్నవి, సంతకం లేనివి, ఏడాది దాటినవి, కోర్టులో నడుస్తున్నవి, మరో కమిషన్ ముందు ఉన్నవి. ఈ చివరిది చాలామందిని దెబ్బతీస్తుంది. 36వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ ప్రకారం, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ముందో, చట్టబద్ధమైన మరే కమిషన్ ముందో పెండింగ్‌లో ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోదు. ఆవేశంలో ఒకే ఫిర్యాదును అన్ని కమిషన్లకూ ఒకేరోజు పంపితే, ఒకదాన్ని చూపి మరొకటి తప్పుకుంటుంది. రాష్ట్ర కమిషన్‌కైతే కేంద్ర బలగాల జోలికి వెళ్లే అధికారమే లేదు. అక్కడ వేసి నెలలు పోగొట్టుకోవద్దు.

మరికొన్ని ‘ఆదేశాలతో ముగించడమైనది’ అన్న ముద్రతో మూతపడతాయి. అర్థం ఏమిటంటే, ఫిర్యాదును సంబంధిత అధికారికి పంపారు, ఫిర్యాదుదారునో బాధితులనో కలుపుకుని ఎనిమిది వారాల్లో చర్య తీసుకుని తెలియజేయమన్నారు, కమిషన్ దగ్గర కేసు అయిపోయింది. ఆ సంబంధిత అధికారి చాలాసార్లు ఎవరి కింది సిబ్బంది మీద ఫిర్యాదు ఉందో ఆ జిల్లా ఎస్పీయే. దీన్ని ఓటమిగా తీసుకుని వదిలేస్తే అది నిజంగానే ఓటమి అవుతుంది. ఆ ఆదేశం ప్రతి జతచేసి ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయాలి. ఎనిమిది వారాలయ్యాక జవాబు రాలేదనో, బాధితులను పిలవనేలేదనో అదే కేసు నంబరు మీద కమిషన్‌కు తిరిగి రాసి, కేసు మళ్లీ తెరవమని అడగాలి. ఆదేశంలోని ‘కలుపుకుని’ అన్న షరతును పోలీసులు పాటించలేదని చూపడమే ఇక్కడ గట్టి వాదన.

మూడో రకం మూత మరీ బాధాకరమైనది. పోలీసులు తమ నివేదిక పంపుతారు, అందులో అంతా ఎదురుకాల్పులే. కమిషన్ దాన్ని ఫిర్యాదుదారుకు పంపి అభిప్రాయం అడుగుతుంది, సాధారణంగా కొన్ని వారాల గడువుతో. జవాబు రాకపోతే ఫిర్యాదుదారుకు చెప్పుకోవాల్సిందేమీ లేదని భావించి మూసేస్తారు. ఆ ఉత్తరం ఎవరికీ చేరలేదేమో అని అడిగేవాళ్లుండరు. అందుకే పట్నం చిరునామా, పనిచేసే మొబైల్, ఈమెయిల్ అని అంతగా చెప్పింది. వెబ్‌సైట్‌లో స్థితిని పదిహేను రోజులకోసారి చూస్తుండాలి. పోలీసు నివేదికకు జవాబు రాసేటప్పుడు కోపం కన్నా పోలిక బలంగా పనిచేస్తుంది. వాళ్లు చెప్పిన కాల్పుల సమయం, పోస్టుమార్టంలోని మరణ సమయం, గాయాల దిశ, ఎన్ని తూటాలు ఎంత దూరం నుంచి, బలగాల్లో ఎవరికైనా గాయమైందా, స్వాధీనం చేసుకున్నామన్న తుపాకీకి ఫోరెన్సిక్ పరీక్ష చేయించారా. వరసగా రాస్తే రెండు పేజీలు చాలు.

దర్యాప్తు విభాగం ఈ సేవలో బలహీనమైన భాగం. దానికి అధిపతి డీజీ హోదా ఐపీఎస్ అధికారి, సిబ్బంది ఎక్కువగా పోలీసు శాఖల నుంచి డిప్యుటేషన్‌పై వచ్చినవాళ్లు. పోలీసుల మీద ఆరోపణలను పోలీసులే దర్యాప్తు చేయడాన్ని ఎత్తిచూపుతూనే వివిధ దేశాల జాతీయ మానవ హక్కుల సంస్థల కూటమి 2023లోనూ 2024లోనూ మన కమిషన్ గుర్తింపు పునరుద్ధరణను వాయిదా వేసింది. 2008లో, మావోయిస్టులకు వ్యతిరేకంగా ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అండతో నడిచిన సల్వాజుడుం మీద విచారించమని సుప్రీంకోర్టు ఈ కమిషన్‌కే అప్పగించినప్పుడు, పోలీసు అధికారుల బృందం భారీ భద్రత మధ్య పల్లెలకు వెళ్లింది. పోలీసు వాహనాల వెంట వచ్చినవాళ్ల ముందు, ఆ పోలీసుల మీదే ఆదివాసీ మహిళ ఏం చెప్పగలదు? ఆ నివేదిక చాలా ఆరోపణలను తేలికచేసింది, పిటిషనర్లు గట్టి అభ్యంతరాలు చెప్పారు. చివరికి 2011 జులై 5న సల్వాజుడుంను రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది సుప్రీంకోర్టే. కమిషన్ బృందం వస్తోందని తెలిస్తే ముందే లిఖితపూర్వకంగా అడగాల్సినవి ఇవి: వాంగ్మూలాలు క్యాంపులోనో స్టేషన్‌లోనో కాకుండా ఆశ్రమ పాఠశాలలోనో పంచాయతీ ఆఫీసులోనో తీసుకోవాలి, మహిళా అధికారి ఉండాలి, స్థానిక పోలీసులు చెవికి ఆనని దూరంలో ఉండాలి, దుబాసీ పోలీసు మనిషి కాకూడదు.

వాంగ్మూలం రాసుకోవడం ఒక నేర్పు. అది బాగా ఉంటే ఈ సేవ లోపాల్లో కొన్నిటిని దాటవచ్చు. అడవి పల్లెలో చాలామంది తేదీ చెప్పరు. సంత రోజు చెబుతారు, పండుగ చెబుతారు, ‘విత్తనాల పండుగ అయిన మూడో రోజు’ అంటారు. రాసేవాళ్లు అక్కడే కూర్చుని ఆ సంత ఏ వారం జరుగుతుందో అడిగి, కేలెండర్‌లో తేదీ తేల్చి, రెండూ రాయాలి. తేదీ మాత్రమే రాస్తే, రేపు విచారణలో ఆమె ఆ తేదీ చెప్పలేక అబద్ధాలకోరు అవుతుంది. ‘పొద్దు ఇంత ఎక్కాక’ అని చేయి చూపితే ఆ మాటే రాసి పక్కన సుమారు గంట వేయాలి. ‘పోలీసులు’ అని ఆమె అంటే ఏ రంగు బట్టలు, తలకు గుడ్డ కట్టారా, ఏ భాష మాట్లాడారు, ఆమె భాష వచ్చినవాళ్లు అందులో ఉన్నారా అని అడగాలి. ఆమె భాష వచ్చినవాళ్లు ఉంటే అది స్థానిక రాష్ట్ర దళమని చెప్పే మొదటి ఆనవాలు, 19వ సెక్షన్ గూట్లో పడకుండా కాపాడేదీ అదే. అయితే ఇందులో మరో చిక్కుంది. డీఆర్‌జీలో స్థానిక ఆదివాసులే చాలామంది ఉన్నారు. నిందితుడు కూడా ఎస్టీ అయితే అతని మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం వర్తించదు, సాధారణ క్రిమినల్ సెక్షన్లే మిగులుతాయి. ఆదివాసీ ఊళ్ల మీదికి ఆదివాసీ కుర్రాళ్లనే ముందు నడిపించే విధానం చివరికి కోర్టులో కూడా ఆ ఊరివాళ్లకే నష్టం చేస్తోంది.

మనిషిని గుర్తుపట్టగలరా అన్న ప్రశ్న మొదటి రోజే అడిగి, జవాబు అదే రోజు రాయాలి. వాకపల్లి దీనికి పాఠం. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని ఆ ఊళ్లో గ్రేహౌండ్స్ సిబ్బంది తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు చెప్పారు. కేసు విచారణకు రావడానికే పదేళ్లకు పైగా పట్టింది. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులు 13 మందినీ విడుదల చేసింది. దర్యాప్తు అధికారులు నిందితుల గుర్తింపు పరేడ్ లాంటి ప్రాథమిక పని కూడా చేయలేదని కోర్టే తప్పుపట్టి, మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఆ మహిళలు 16 ఏళ్లు ఒకే మాట మీద నిలబడ్డారు. రాష్ట్రం పక్కదారి పట్టించింది, మనం మర్చిపోయాం.

ఆధారాల విషయంలో పొరపాట్లు ఎక్కువగా ప్రేమతోనే జరుగుతాయి. ఖాళీ తూటాలు ఏరి సంచిలో వేసి తెస్తారు. దాంతో అవి ఎక్కడ పడ్డాయో చెప్పే సాక్ష్యం పోతుంది. పడినచోటే పక్కన స్కేలో అగ్గిపెట్టో పెట్టి దగ్గరి నుంచి ఒకటి, ఇల్లో చెట్టో కనిపించేలా దూరం నుంచి ఒకటి ఫొటో తీయాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి, ఒరిజినల్ ఫైలు అదే ఫోన్‌లో ఉంచాలి. అత్యాచారం కేసులో బట్టలు ఉతకకూడదు, ప్లాస్టిక్ కవర్లో పెట్టకూడదు, తేమకు పాడవుతాయి. ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాలి. ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటు అయినా సరే, వెంటనే ఉచితంగా చికిత్స చేయాల్సిందే. మృతదేహం చేతికొస్తే దహనం చేయకుండా పూడ్చడం మేలు, రీ పోస్టుమార్టం కోసం హైకోర్టుకు వెళ్లే అవకాశం ఉంటుంది. బాధిత మహిళల పేర్లు కమిషన్‌కు పంపే ప్రతిలోనే ఉండాలి. పత్రికలకు, వాట్సాప్‌కు వెళ్లే ప్రతిలో పేరు గానీ, గుర్తుపట్టే వివరం గానీ ఉండటం నేరం. రెండు ప్రతులు వేరుగా టైప్ చేసుకోండి.

ఎన్‌కౌంటర్ మరణాలకు ఇంకో వెసులుబాటు ఉంది. కమిషన్ మార్గదర్శకాల ప్రకారం పోలీసు చర్యలో మరణం జరిగితే జిల్లా ఎస్పీ 48 గంటల్లో కమిషన్‌కు తెలపాలి, మూడు నెలల్లో పోస్టుమార్టం, మేజిస్టీరియల్ విచారణ వివరాలతో రెండో నివేదిక ఇవ్వాలి. కాబట్టి ఫిర్యాదులో ‘ఈ సమాచారం అందిందా, అందితే ఆ కేసుతో దీన్ని కలపండి’ అని ఒక వాక్యం చేర్చండి. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఎన్‌కౌంటర్ మార్గదర్శకాల్లో ఎఫ్ఐఆర్ తప్పనిసరి, దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి. ఇవి పాటించకపోతే మృతుల కుటుంబం సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయవచ్చు. ఈ చివరి దారిని వాడుకున్నవాళ్లు తక్కువ. వాడుకోవాలి.

పూర్తిగా కేంద్ర బలగాల ఘటన అయితే మానవ హక్కుల కమిషన్ కన్నా జాతీయ ఎస్టీ కమిషన్ మంచి ఎంపిక. రాజ్యాంగం 338ఎ అధికరణం దానికి సివిల్ కోర్టు అధికారాలిచ్చింది, అందులో సాయుధ బలగాలకు మినహాయింపు లేదు. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో ఘటన జరిగిన వారంలోనే నిర్ణయించుకోవాలి, 36వ సెక్షన్ అడ్డు గుర్తుపెట్టుకుని. న్యాయ విచారణ కమిషన్ వేశారని ఊరుకోవడం మాత్రం ప్రమాదం. 2012 జూన్‌లో బీజాపూర్ జిల్లాలో 17 మంది చనిపోయిన సార్కెగూడ ఘటనపై విచారణ కమిషన్ నివేదిక 2019లో బయటికొచ్చింది. 2013 మేలో అదే జిల్లాలో విత్తనాల పండుగకు చేరిన ఎడెస్‌మెట్ట జనంపై కాల్పుల్లో 8 మంది గ్రామస్థులు పోయారు, ఆ నివేదిక 2022లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ముందుకొచ్చింది. రెండూ చనిపోయినవాళ్లు మావోయిస్టులని రుజువు కాలేదనే చెప్పాయి. అప్పటికి ఆ పేర్లు మన ఇళ్లలో ఎవరికీ గుర్తులేవు.

సమాచార హక్కు చట్టం ఈ సేవకు తోడుగా వాడదగ్గది. సీఆర్పీఎఫ్ లాంటి దళాలకు 24వ సెక్షన్ మినహాయింపు ఉన్నా, మానవ హక్కుల ఉల్లంఘన సమాచారానికి ఆ మినహాయింపు వర్తించదు. కేంద్ర సమాచార కమిషన్ ఆమోదంతో 45 రోజుల్లో ఇవ్వాలి. మానవ హక్కుల కమిషన్‌కైతే ఆ 24వ సెక్షన్ మినహాయింపే లేదు. పది రూపాయల ఫీజుతో, మీ కేసు నంబరు వేసి, మూడు అడగండి: కేంద్ర ప్రభుత్వం పంపిన నివేదిక ప్రతి, దానిపై ఫైలు నోట్స్, 19వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారుకు ఇవ్వాల్సిన కమిషన్ నివేదిక ప్రతి. సిఫార్సు జరిగి ఉంటే, మూడు నెలల్లో కేంద్రం తీసుకున్న చర్య ఏమిటో నాలుగో ప్రశ్నగా చేర్చండి. జవాబు వచ్చినా రాకున్నా ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఒక సెట్టు ఆ ఊరి పెద్దల చేతికి ఇవ్వండి. హైకోర్టు మెట్లు ఎక్కే రోజు వస్తే వకీలు మొదట అడిగేది దాన్నే.